ఒడ్డున తాబేలు, సాలలో ఆవు: పూడ్చేముందు ఒక్క శాంపిల్ తీయండి

జనవరి నెలాఖర్లో కళింగపట్నం ఒడ్డుకి వెళ్తే మళ్లీ అదే చూశాను. ఆలివ్ రిడ్లీ తాబేలు, డొప్పంతా ఇసక అంటుకుని, మెడ ఉబ్బిపోయి పడి ఉంది, కళ్లు అప్పటికే కాకులు పొడిచేశాయి. పక్కన ఇద్దరు గుంత తవ్వుతున్నారు. ఎలా చచ్చిందని అడిగితే "వల్లో పడి సచ్చిపోయుంటాది బాబూ" అన్నాడు ఒకాయన. అయ్యుండొచ్చు. ట్రాలర్ వలలో చిక్కిన తాబేలు ఊపిరి కోసం పైకి రాలేక చచ్చిపోతుంది, గుడ్లు పెట్టడానికి అవి మన తీరానికొచ్చే ఈ నెలల్లో ఇది కొత్తేం కాదు. కానీ ఈ తాబేలు అందుకే చచ్చిందా, కడుపులో ప్లాస్టిక్ ఉందా, ఒంట్లో ఏదైనా జబ్బుందా? ఎవరూ కోసి చూడలేదు. పది నిమిషాల్లో గుంత పూడ్చేశారు.

మా పెదనాన్నగారి ఆవుకి లంపీ, అదే ముద్ద చర్మపు జబ్బు, వచ్చినప్పుడూ ఇదే తంతు. చేత్తో నిమిరితే చర్మం కింద ఉసిరికాయలంత గడ్డలు తగిలేవి, దూడ పొదుగు దగ్గరికి వస్తే కాలు విసిరేది. వేపాకూ పసుపూ నూరి రాశాం, ఈగలూ దోమలూ ఈ వైరస్‌ని మోసుకొస్తాయని చెప్తే సాయంత్రం సాలలో పొగ పెట్టాం. పశువుల డాక్టరుగారు వచ్చి రక్తం, గడ్డ మీది చెక్కు తీసుకెళ్లారు. రిపోర్టు మాత్రం ఈ రోజు వరకూ రాలేదు. ఆవు బతికింది గానీ పాలు సగానికి పడిపోయాయి.

ఈ రెండింటికీ సంబంధం ఏంటంటారేమో. చాలా ఉంది.

1932లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పందులకి నోట్లో, గిట్టల దగ్గర బొబ్బలు లేచాయి. అచ్చం మన గాలికుంటు లాగే. గాలికుంటే అనుకుని మందలకి మందల్ని చంపేశారు. తీరా చూస్తే అది వేరే వైరస్, వెసిక్యులర్ ఎగ్జాంథిమా అని పేరు పెట్టారు. హోటళ్ల ఎంగిలి ఉడకబెట్టకుండా పందులకి వేస్తున్నందువల్ల వ్యాపిస్తోందని గమనించి, ఉడకబెట్టి తీరాలని చట్టాలు తెచ్చాక తగ్గింది, 1959కి అక్కడ లేకుండా పోయింది. అసలు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం అప్పటికి తేలలేదు. 1972లో కాలిఫోర్నియా దగ్గరి శాన్ మిగ్యుయెల్ అనే దీవిలో సముద్ర సింహాలకి (సీల్ లాంటి జంతువులు) పిల్లలు నెలలు నిండకుండానే పుట్టి చచ్చిపోతుంటే, ఎందుకో చూద్దామని శాంపిళ్లు తీశారు. దొరికిన వైరస్ ఆ పందుల వైరస్ లాంటిదే, పందులకి ఎక్కిస్తే అవే బొబ్బలు! సముద్రం వైపు చూడటానికి నలభై ఏళ్లు పట్టింది. మన దగ్గర కోళ్ల దాణాలో కలిసే ఎండుచేపల పొట్టూ, పందులకి పోసే కుడితీ తలుచుకుంటే నాకు ఈ కథ ఎక్కడో అమెరికాది అనిపించదు.

ఇంకోటి చెప్తాను. మేకలకి వచ్చే పీపీఆర్ (పారుడు రోగం), మనుషుల తట్టు, ఒకప్పుడు ఊళ్లకి ఊళ్లలో ఎడ్లని తుడిచిపెట్టిన రిండర్‌పెస్ట్, డాల్ఫిన్లనీ సీల్ జంతువులనీ చంపే వైరస్‌లు, ఇవన్నీ ఒకే కుటుంబం. 1988లో ఉత్తర సముద్రంలో వేల సీల్‌లు ఈ జాతి వైరస్‌తోనే చనిపోయాయి. ఇక బర్డ్ ఫ్లూ సంగతి సరేసరి. 2023లో పెరూ తీరంలో వేల సముద్ర సింహాలు, అదే ఏడాది అర్జెంటీనాలో ఏనుగు సీల్ పిల్లలు దానికి బలయ్యాయి, 2024 మార్చిలో అమెరికా పాడి ఆవుల్లోనూ అదే బర్డ్ ఫ్లూ వైరస్ ఎచ్5ఎన్1 బయటపడింది, అందులో రకం వేరైనా. కోళ్ల జబ్బని మనం అనుకున్నది పాలల్లోకి వచ్చింది.

మన శ్రీకాకుళం జిల్లాలో మంచి ఉదాహరణా ఉంది. 2021 చివర్లో తేలినీలాపురంలో గూడబాతులు (పెలికాన్లు) వరుసగా చచ్చిపోతుంటే చుట్టుపక్కల కోళ్లు పెంచేవాళ్లకి ఒకటే టెన్షన్, బర్డ్ ఫ్లూ ఏమోనని. చచ్చిన పక్షుల్ని పరీక్ష చేయిస్తే కడుపులో నులిపురుగుల్లాంటి పరాన్నజీవులు కనపడ్డాయి. అలాంటివి పెలికాన్లకి తినే చేపల ద్వారానే చేరతాయి. కోసి చూడకపోయుంటే ఏమయ్యేదో ఊహించుకోండి, పుకార్లే రాజ్యమేలేవి.

లంపీ సంగతే చూడండి. 2019లో దేశంలో తొలిసారి అది బయటపడింది మన పక్కనున్న ఒడిశాలో. అదే ఏడాది రాంచీలో జబ్బుచేసిన ఆవుల శాంపిల్ నుంచి తీసిన వైరస్‌నే బలహీనపరిచి హిసార్, ఇజ్జత్‌నగర్ శాస్త్రవేత్తలు లంపీ ప్రోవ్యాక్ టీకా తయారుచేశారు, 2022 ఆగస్టులో విడుదల చేశారు. ఎక్కడో ఒక రైతు ఆవు గడ్డ మీది చెక్కు టీకాగా మారింది. మా పెదనాన్నగారి ఆవు చెక్కు ఏమైందో ఎవరికీ తెలీదు.

డాక్టర్లని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఒక్కొక్కరి మీదా ఎన్నేసి ఊళ్లు ఉన్నాయో నాకు తెలుసు. తప్పల్లా పనిని ముక్కలు చేసి పంచుకోవడంలో ఉంది. తాబేలు అటవీ శాఖది, చేప మత్స్యశాఖది, ఆవు పశుసంవర్ధక శాఖది. వైరస్‌కి ఈ శాఖలు తెలీవు. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, విశాఖలో సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) ప్రాంతీయ కేంద్రం ఉంది, ఆంధ్రా యూనివర్సిటీలో సముద్ర జీవవనరుల విభాగం ఉంది. వీళ్లంతా రెండు మూడు గంటల దూరంలోపే ఉన్నారు. బారువ నుంచి భోగాపురం దాకా ఒడ్డున ఏది చచ్చి కొట్టుకొచ్చినా, ఊళ్లో జీవాలు నాలుగు వరుసగా పడిపోయినా ఫోన్ చేయడానికి ఒకే నంబరు, కోయడానికి ఒక బృందం, శాంపిల్ దాచడానికి ఐస్ పెట్టె, ఇంతే అడుగుతున్నాను. రిపోర్టు తెలుగులో, ఫోన్‌కి మెసేజ్‌గా, పశువు యజమానికే రావాలి. శాంపిల్ ఇచ్చి జవాబు రాని రైతు రెండోసారి ఎందుకిస్తాడు? చచ్చిన మేకని రాత్రికి రాత్రే చెరువు గట్టున పారేస్తాడు, కుక్కలు ఊరంతా లాగుతాయి.

ఫిబ్రవరిలో ఇంకా తాబేళ్లు వస్తాయి. కనీసం కళింగపట్నం, భావనపాడు, బారువ ఈ మూడు చోట్ల గుంత తవ్వేముందు ఒక పశువైద్య విద్యార్థిని పక్కన నిలబెట్టినా మొదలుపెట్టినట్టే.