నా కూతుర్ని ‘కరోనా బ్యాచ్’ అనకండి

ఇవాళ పొద్దున ఒడిశాలోని మా బరంపురంలో ఒక బట్టల హోల్‌సేల్ కొట్టుకి మా అమ్మాయిని ఇంటర్వ్యూకి తీసుకెళ్లాను. లెక్కలు రాసే పని. అది ప్లస్ త్రీ కామర్స్, అంటే డిగ్రీ, ఆఖరి సంవత్సరంలో ఉంది, ట్యాలీ కూడా నేర్చుకుంది. కొట్టాయన తెలుగాయనే. సర్టిఫికెట్లు ఒక్కొక్కటీ తిరగేస్తూ మెట్రిక్ (పదో తరగతి) మార్కుషీటు దగ్గర ఆగాడు. 2021 అని చూశాడు.

"ఓహో, కరోనా బ్యాచా! పరీక్ష రాయకుండా పాసైపోయినోళ్లు కదమ్మా మీరు" అని గుమస్తా వైపు తిరిగి నవ్వాడు. గుమస్తా కూడా నవ్వాడు. మా అమ్మాయి "అవునండి" అంది. అంతకు మించి ఒక్క మాట లేదు.

ఆటోలో కూడా మాట్లాడలేదు. ఇంటికొచ్చి బట్టలైనా మార్చుకోకుండా బియ్యం కడగడానికి కూర్చుంది. నీళ్లు పారబోస్తోంది, మళ్లీ పోస్తోంది, మళ్లీ కడుగుతోంది. నాలుగోసారికి నేనే గిన్నె లాక్కున్నాను. మధ్యాహ్నం నుంచీ నాకు ఒళ్లు మండిపోతోంది. అక్కడే నోరు విప్పనందుకు నా మీద నాకు కూడా కోపంగా ఉంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పరీక్ష రాయకుండా పాసైపోయారు, వీళ్లకేం కష్టం? ఈ మాట ఆ కొట్టాయన ఒక్కడిదే కాదు. పెళ్లిళ్లలో విన్నాను, బస్సులో విన్నాను, మా సొంత ఆడపడుచు నోట విన్నాను. అయ్యా, ఆ రెండేళ్లు ఈ పిల్లలు ఏం తిన్నారో, ఎలా పడుకున్నారో, మీలో ఎవరైనా ఒక్కసారి అడిగారా?

2020 మార్చిలో బడి మూశారు. అది పదో తరగతికి వచ్చిన ఏడాది. ఇంట్లో ఒకటే ఫోన్. మా ఆయన మందుల షాపులో పని చేస్తారు కాబట్టి ఆయనకి లాక్‌డౌన్ లేదు. పొద్దున ఫోన్ జేబులో పెట్టుకుని వెళితే రాత్రి తొమ్మిదికే రావడం. వచ్చాక ఆయన ఫోన్‌ని, చొక్కాని, డబ్బుల్ని శానిటైజర్‌తో తుడిచేదాకా అది గుమ్మం దగ్గర నిలబడి ఉండేది. తర్వాత వాట్సాప్‌లో వచ్చిన నోట్సు పన్నెండింటిదాకా ఎక్కించుకునేది. నాన్న దగ్గితే పెన్ను ఆపేది. మళ్లీ దగ్గుతాడేమోనని చెవి అక్కడే పెట్టుకుని కూర్చునేది. పద్నాలుగేళ్ల పిల్ల!

మే నెలలో సూరత్ నుంచి శ్రామిక్ రైళ్లు వచ్చాయి. మగ్గాల మీద పని చేసేవాళ్లు వేలమంది మా గంజాం జిల్లాకి తిరిగొచ్చారు. ఊళ్లలో బళ్లన్నీ క్వారంటైన్ సెంటర్లయ్యాయి. మా తోటికోడలి కొడుకు ఆరో తరగతి అప్పుడు. వాళ్ల నాన్నని వాడి క్లాసురూమ్‌లోనే పెట్టారు. వాడు రోజూ బడి గోడ బయట నిలబడి, కిటికీలోంచి నాన్న చెయ్యి ఊపితే చూసి వచ్చేవాడు. బడి మళ్లీ తెరిచాక ఆ గదిలోకి వెళ్లనని వాడు ఏడిస్తే, బద్ధకం అని వీపు పగలగొట్టారు. బద్ధకమట!

ఇక మా ఇంటి సంగతి. మా అమ్మది ఆంధ్రాలోని ఇచ్ఛాపురం. ఇక్కడికి పాతిక కిలోమీటర్లు. శనివారం వస్తే చాలు, మా అమ్మాయి బస్సెక్కి అమ్మమ్మ దగ్గరికి పోయేది. వెళ్లగానే ఆవిడ "ఏటే గుంటా, తిన్నావా?" అని అడగాలి, ఇది లేదనాలి, ఆవిడ అట్లు పొయ్యాలి. అదీ వాళ్లిద్దరి లెక్క. సరిహద్దు మూసేశాక మధ్యలో రెండు రాష్ట్రాల చెక్‌పోస్టులు వచ్చి కూర్చున్నాయి. జూలైలో మా గంజాంలో కేసులు విపరీతంగా పెరిగి, 17 నుంచి 31 దాకా పూర్తి లాక్‌డౌన్ పెట్టారు. సరిగ్గా ఆ పదిహేను రోజుల్లోనే మా అమ్మ పోయింది. కరోనాతో కాదు, గుండెపోటు.

మేం వెళ్లలేకపోయాం. మా తమ్ముడు వీడియో కాల్ పెట్టాడు. వాడి చెయ్యి వణుకుతోంది, బొమ్మ ఆగి ఆగి వస్తోంది. అందరం ఏడుస్తున్నాం. ఇది మాత్రం ఏడవలేదు. "మామయ్యా, అమ్మమ్మ కాళ్లు చూపించు" అంది. వాడు చూపించాడు. అంతలో సిగ్నల్ పోయింది.

ఆగస్టులో ఒకరోజు గది ఊడుస్తుంటే దాని జామెట్రీ నోట్సు కింద పడింది. తీస్తే పేజీల మధ్య నుంచి సన్నటి వెంట్రుకలు రాలాయి. గుప్పెడు. దాని ముఖం పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూస్తే ఎడమ కనుబొమ్మ సగం లేదు. ఒక్కొక్క వెంట్రుకా పీక్కుని పుస్తకంలో దాచుకుంది. నేనేం చేశానో తెలుసా? "చదువు మానేసి అద్దం ముందు షోకులా?" అని చెంప మీద కొట్టాను. ఇది రాయడానికి నాకేం సిగ్గు లేదు, ఎందుకంటే ఆ రోజు నాకు నిజంగా తెలియదు. అది ఒక జబ్బని, లోపలి టెన్షన్ తట్టుకోలేని పిల్లలు అలా చేస్తారని చెప్పేవాళ్లు మా చుట్టుపక్కల ఒక్కరూ లేరు. దిష్టి తియ్యమన్నవాళ్లు పదిమంది ఉన్నారు. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశాను. గది నిండా ఘాటు. అది దగ్గుతూనే పీక్కుంటోంది.

పిల్లలు ఎందుకు చెప్పుకోరని అడుగుతారు. ఎలా చెప్పుకుంటారు? 2021లో యునిసెఫ్ వాళ్లు 21 దేశాల్లో అడిగారు. మనసు బాగా లేనప్పుడు ఇంకొకరి సాయం తీసుకోవడం మంచిదే అన్న కుర్రకారు ఆ 21 దేశాల్లో సగటున నూటికి 83 మంది ఉంటే, మన దేశంలో 41 మందే. సగానికి సగం మంది పిల్లల నోళ్లు మనమే మూసేశాం. దగ్గితే పరీక్ష చేయించాం, జ్వరమొస్తే వేలికి ఆక్సీమీటర్ పెట్టాం. రాత్రి రెండింటికి గోడ చూస్తూ కూర్చున్న పిల్లని మాత్రం ఫోన్ చూసి పాడైపోయిందని తిట్టాం.

చివరికి 2021 ఫిబ్రవరిలో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి కౌన్సెలర్ మంచావిడే, నేనేమీ అనను. కానీ అడిగింది ఒడియాలో. మా అమ్మాయికి ఒడియా బాగానే వచ్చు. బజారులో బేరమాడుతుంది, స్నేహితురాళ్లతో పోట్లాడుతుంది. ఆ రోజు మాత్రం నోట మాట రాలేదు. నన్ను చూసింది. "అమ్మమ్మ పోయినప్పట్నుంచి బెంగ పెట్టుకుంది" అని చెప్పాలి. బెంగని ఏమనాలో నాకు తోచలేదు. ఒడియాలో ‘మన దుఃఖ’, అంటే మనసులో దుఃఖం, అన్నాను. ఆవిడ రాసుకుంది. బెంగ, మన దుఃఖ ఒకటేనా? బెంగ పెట్టుకున్న పిల్ల తిండి మానేస్తుంది, గుమ్మం వైపు చూస్తుంది, చిక్కిపోతుంది. ఆ ఒక్క మాటలో మా అమ్మాయి మొత్తం ఉంది. ఆ మాటే అక్కడికి చేరలేదు.

ఇది తలుచుకుంటే నాకు ఇంకో మంట లేస్తుంది. 1936లో ఒడిశా ఏర్పడి మా బరంపురం అందులోకి వెళ్లినప్పటి నుంచి మా పరిస్థితి ఇంతే. కరోనా అప్పుడు చెక్‌పోస్టు దగ్గర ఆంధ్రా వాళ్లు ఆధార్ చూసి "ఒడిశా వాళ్లు, వెనక్కి పొండి" అన్నారు. ఇటు బళ్లో తెలుగోళ్లం. ఒడిశాలో రేడియో పాఠశాల పెట్టారు, పాఠాలు ఒడియాలో. ఆంధ్రాలో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు చెప్పారు, తెలుగులోనే, కానీ ఆ సిలబస్ మాది కాదు. మా వీధిలో తెలుగు మీడియం పిల్లలు ఏ టీవీ ముందు కూర్చోవాలి? మా అమ్మాయి చిన్నప్పుడు చదివిన బళ్లో తెలుగు టీచరు రిటైరయ్యాక ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు. రాష్ట్రపతి వి.వి. గిరి గారు మన బరంపురంలోనే పుట్టారని సభల్లో గొప్పగా చెప్పుకునే పెద్దలు, ఆ ఊళ్లోనే తెలుగులో ఏడ్చే పిల్లకి తెలుగులో సమాధానం చెప్పే మనిషి ఒక్కరున్నారా అని ఏనాడైనా అడిగారా? మనసు బాగా లేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. మంచిదే, అందరూ ఆ నంబరు రాసి పెట్టుకోండి. అది వచ్చింది 2022 అక్టోబరులో. నా కూతురు కనుబొమ్మ పీక్కున్నది 2020లో.

సిగ్నల్ గురించి కూడా ఒక మాట. 2021 ఆగస్టులో రాయగడ జిల్లా పద్మపూర్ బ్లాకులో ఎనిమిదో తరగతి అబ్బాయి ఆన్‌లైన్ క్లాసు కోసం కొండెక్కి, జారిపడి చనిపోయాడు. పదమూడేళ్లు. వాణ్ణి కూడా కరోనా బ్యాచ్ అంటారా? బళ్లు మూసేసిన ఆ 2020లోనే దేశంలో 12,526 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. అంతకు ముందు ఏడాది 10,335. ఇవి ప్రభుత్వం వేసిన లెక్కలే. పరీక్షలు లేకపోతే పిల్లలకి హాయి అన్నవాళ్లు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ఇప్పుడు ఆ మార్కుషీటు సంగతి చెప్తాను. 2021 జనవరి 8న పదో తరగతి వాళ్లకి బడి తెరిచారు. అప్పటి నుంచి అది పొద్దున నాలుగింటికి లేచి చదివింది. అమ్మమ్మకి ఫస్ట్ క్లాస్ తెస్తానని మాటిచ్చిందట. పోయిన మనిషికి ఇచ్చిన మాట కాబట్టి ఇంకా గట్టిగా పట్టుకుంది. మే 3న మొదలవ్వాల్సిన పరీక్షలు ఏప్రిల్‌లో రద్దయ్యాయి. తొమ్మిదో తరగతి మార్కులు కూడా లెక్కలోకి తీసుకున్నారు. తొమ్మిదిలో దానికి టైఫాయిడ్ వచ్చి అర్ధ సంవత్సర పరీక్షలు సరిగ్గా రాయనే లేదు. వచ్చింది సెకండ్ క్లాస్. అంటే ఊరికే పాస్ చెయ్యడం కాదు, దాని చేతిలోది లాక్కోవడం. తృప్తి లేనివాళ్లు తర్వాత రాసుకోవచ్చన్నారు. అప్పటికి పుస్తకం తెరిస్తేనే దాని వేళ్లు వణికేవి. నేనే వద్దన్నాను.

రెండేళ్లు పట్టింది మామూలు మనిషి కావడానికి. కనుబొమ్మ మళ్లీ వచ్చింది, కొంచెం పలచగా. పెన్సిల్‌తో దిద్దుకుంటుంది. ఇవాళ కూడా దిద్దుకునే వెళ్లింది.

సాయంత్రం ఆ కొట్టు నుంచి ఫోన్ వచ్చింది. సోమవారం నుంచి రమ్మన్నారు, ఎనిమిది వేలు ఇస్తారట. "నీ ఇష్టమే" అన్నాను. "చూస్తానమ్మా" అని అది ఎడమ కనుబొమ్మ మీదికి చెయ్యి పోనిచ్చింది. దాని పక్కనే కూర్చుని ఆ చెయ్యి పట్టుకున్నాను. ఒక చేత్తో పట్టుకునే, ఇంకో చేత్తో ఇదంతా టైప్ చేశాను. ఇప్పుడు నిద్రపోయింది.

కొట్టాయన మా వీధిలో చాలామందికి తెలుసు. ఈ పోస్టు ఎవరో ఒకరు ఆయనకి చూపిస్తారు. చూపించండి.