సైకిలెక్కితే ఆడవాళ్లకు చేటా? ఒక వాట్సాప్ సందేశానికి జవాబు

కొన్ని వారాలుగా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చేతులు మారుతోంది. జిమ్‌లలో కదలని సైకిళ్ల మీద బృందంగా చేయించే క్లాసులకు ఆడవాళ్లు వెళ్లకూడదని, వెళితే గర్భసంచి జారుతుందని, నెలసరి గతి తప్పుతుందని, పెళ్లికాని పిల్లల కన్యత్వం పోతుందని, తొడలు మగవాళ్ల తొడల్లా తయారవుతాయని, మోకాళ్లు అరుగుతాయని, కిడ్నీలు చెడతాయని, అసలు ఇంటిపని చేసుకునే స్త్రీకి వేరే వ్యాయామమే అక్కర్లేదని, పైగా గదిలో తొక్కేది సైకిలే కాదని దాని సారాంశం. కింద ఏ డాక్టరు పేరూ లేదు, ఏ ఆసుపత్రి పేరూ లేదు. పది మందికి పంపమని మాత్రం ఉంది.

హైదరాబాదులో అలాంటి క్లాసులు నడిపే శిక్షకురాలిని నేను. ఈ సందేశాన్ని మొదట పట్టించుకోలేదు. కానీ రెండు నెలలపాటు ఒక్క రోజు కూడా తప్పకుండా వచ్చిన ఒక గృహిణి ఉన్నట్టుండి మానేశారు. ఫోన్ చేసి అడిగితే, "మా అత్తయ్యగారు ఆ మెసేజ్ చూపించారు మేడమ్, ఇంట్లో గొడవెందుకని ఊరుకున్నాను" అన్నారు. ఆమె కోసమే కాదు, కోడలి మేలు కోరి ఆ సందేశాన్ని చూపించిన అత్తగారి కోసం కూడా ఇది రాస్తున్నాను. అందులో నిజం ఉన్నచోట ఉందనే చెబుతాను.

గర్భసంచి సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే మిగతా వాటన్నిటికన్నా ఎక్కువ భయపెడుతున్నది అదే. గర్భసంచి జారడం నిజంగా ఉన్న బాధే. ఎందరో స్త్రీలు దాన్ని ఎవరికీ చెప్పుకోలేక ఏళ్లతరబడి మోస్తున్నారు, కాబట్టే ఆ మాట వినగానే గుండె జారిపోతుంది. అయితే దాని కారణాలు వైద్యులకు తెలియనివి కావు: కష్టమైన కాన్పులు, ఎక్కువ కాన్పులు, వయసుతోపాటు కటి కండరాలు సడలడం, అధిక బరువు, ఎంతకూ తగ్గని దగ్గు, మలబద్ధకం, బరువులెత్తే పని. సైకిల్ మీద కూర్చున్నప్పుడు ఒంటి బరువును సీటు, హ్యాండిల్, పెడళ్లు పంచుకుంటాయి. పరుగులోనో, గెంతడంలోనో అడుగడుగునా నేల నుంచి తగిలే అదురు ఇక్కడ ఉండదు. అమెరికాలోని ప్రసూతి, స్త్రీవ్యాధి నిపుణుల సంఘం 2020లో ఇచ్చిన సూచనలలో, ఇబ్బందులు లేని గర్భిణులు చేయదగిన వ్యాయామాల వరుసలో నడకతోపాటు కదలని సైకిల్‌ను కూడా చేర్చింది. కడుపులో బిడ్డ ఉన్నప్పుడే తొక్కవచ్చని నిపుణులు చెబుతున్న సైకిల్, గర్భసంచిని జార్చేస్తుందన్న మాటను ఎలా నమ్మాలి? రక్తస్రావం, అధిక రక్తపోటు, నెలలు నిండకముందే కాన్పయ్యే ముప్పు ఉన్నవారు మాత్రం ముందుగా తమ డాక్టరును అడిగి తీరాలి. గర్భసంచి ఇప్పటికే కొంత జారినవారు డాక్టరు సరేనంటేనే రావాలి. వచ్చినా, సీటు మీద నుంచి లేచి ఊపిరి బిగబట్టి బరువుగా తొక్కే భాగాన్ని వదిలేసి, కూర్చునే తొక్కాలి. ఈ మాట నేను కొత్తగా చేరే ప్రతి ఒక్కరితోనూ చెబుతాను.

ఈ భయం నిన్నా మొన్నా పుట్టింది కాదు. 1890లలో ఐరోపాలోనూ అమెరికాలోనూ ఆడవాళ్లు సైకిలెక్కడం మొదలుపెట్టగానే, కొందరు వైద్యులు 'సైకిల్ ముఖం' అనే జబ్బు ఒకటుందని రాశారు. బ్యాలెన్స్ తప్పకుండా చూసుకునే ఆదుర్దాలో ముఖం బిగుసుకుపోయి, కళ్లు ఉబ్బి, స్త్రీల అందం శాశ్వతంగా చెడుతుందన్నారు. ఆ జబ్బు పేరు ఇప్పుడు ఏ వైద్య పాఠ్యపుస్తకంలోనూ కనబడదు. మహిళల ఓటుహక్కు కోసం పోరాడిన సూసన్ బి. ఆంథనీ మాత్రం, స్త్రీల విముక్తికి ప్రపంచంలో మరేదీ చేయనంత మేలు సైకిల్ చేసిందని 1896లోనే చెప్పారు.

నెలసరి గురించి ఆ సందేశం చెప్పేది చాలావరకు తలకిందుల మాట. 2019లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ అప్పటివరకు జరిగిన పరీక్షలను కలిపి చూసి, వారానికి మూడుసార్లకు తగ్గకుండా, ఒక్కోసారి 45 నుంచి 60 నిమిషాలు వ్యాయామం చేసేవారికి నెలసరి నొప్పి బాగా తగ్గే అవకాశం ఉందని తేల్చింది. ఆధారాలు అంత బలమైనవి కావని కూడా అదే నివేదికలో రాసింది. తిండి తగ్గించుకుని, రోజూ గంటల తరబడి ఒళ్లు హూనం చేసుకునే క్రీడాకారిణులకు నెలసరి ఆగిపోవడం ఉంది. అక్కడ తప్పు ఖాళీ కంచానిది. ముప్పావుగంట క్లాసు చేసి ఇంటికెళ్లి కడుపునిండా భోంచేసే స్త్రీకి ఆ భయం లేదు.

కన్యత్వం మాట రాయడానికే మనసొప్పడం లేదు, కానీ ఇంటర్ చదివే ఆడపిల్లల తల్లులు నన్ను పక్కకు పిలిచి అడిగేది దీన్నే. కన్నెపొర ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. దాన్ని చూసి ఎవరి గురించీ ఏమీ తేల్చలేరు. కన్యత్వ పరీక్షలకు వైద్యపరమైన ఆధారం లేదని, వాటిని రద్దు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి విభాగాలు 2018లో కోరాయి. అత్యాచార బాధితులకు చేసే 'రెండు వేళ్ల పరీక్ష'కు శాస్త్రీయత లేదని, అది బాధితురాలిని మళ్లీ గాయపరుస్తుందని మన సుప్రీంకోర్టు 2022లో తీవ్రంగా తప్పుపట్టింది. తేల్చలేనిదాన్ని పట్టుకుని పిల్లను సైకిల్ దింపితే ఆమె ఏం కోల్పోతుందో తెలుసుకోవాలంటే బీహార్ వైపు చూడాలి. 2006 నుంచి అక్కడి ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన బాలికలకు సైకిల్ కొనుక్కోవడానికి డబ్బు ఇచ్చింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ లెక్కగట్టి చూస్తే, ఆ పథకం వల్ల ఉన్నత పాఠశాలలో బాలికల చేరిక 32 శాతం పెరిగిందని తేలింది.

తొడల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ పందేల ట్రాక్ మీద, పోటీపడే స్ప్రింటర్లకు ఆ తొడలు ఏళ్ల తరబడి భారీ బరువులతో గుంజీలు తీస్తే వచ్చినవి. వారానికి మూడు క్లాసులతో అవి రావు. మన తొడలకు బలం వస్తే నష్టం కూడా లేదు. నేల మీద కూర్చుని చెయ్యి ఊతం లేకుండా లేవడానికి పనికొచ్చేది ఆ బలమే.

మోకాళ్ల విషయంలో మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. సైకిల్ తొక్కి మోకాళ్లు నొప్పి పుట్టినవారిని నేను చాలామందిని చూశాను, దాదాపు ప్రతిసారీ సీటే కారణం. మొదటిసారి వచ్చినవారు, కాళ్లు నేలకు అందవేమోనన్న భయంతో, సీటును బాగా కిందికి దించేస్తారు. అప్పుడు పెడల్ పైకి వచ్చినప్పుడల్లా మోకాలు ఛాతీకి తగిలేంతగా మడుచుకుంటుంది, మోకాలిచిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది, వారం తిరిగేసరికి మోకాలి ముందువైపు నొప్పి మొదలవుతుంది. సీటు మరీ ఎత్తైతే నొప్పి వెనకవైపు వస్తుంది, నడుము అటూ ఇటూ ఊగుతుంది. సరిచేయడానికి రెండు నిమిషాలు చాలు. సైకిల్ పక్కన నిలబడితే సీటు మీ తుంటి ఎముక ఎత్తున ఉండాలి. ఎక్కి కూర్చుని మడమను పెడల్ మీద ఆనించి పూర్తిగా కిందికి దించితే కాలు తిన్నగా సాగాలి. ఆ తరువాత పాదం ముందుభాగాన్ని పెడల్ మీదికి మార్చుకుంటే మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగి కనిపిస్తుంది. మా క్లాసులో ఒక రిటైర్డ్ టీచరు గారు సీటును మూడు గళ్లు పైకి జరిపించుకున్న రోజున, ఎక్కి నాలుగు తిప్పులు తిప్పి ఆపి, "ఇన్నాళ్లూ నేను పీట మీద కూర్చుని తొక్కానన్నమాట" అన్నారు. ఆ తరువాత ఆవిడ మోకాలికి కట్టు కట్టుకుని రాలేదు.

అరుగుదల సంగతి కూడా చెప్పాలి. 2024లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో 2,600 మందికి పైగా పెద్దవయసువారిని పరిశీలిస్తే, జీవితంలో ఏదో ఒక దశలో సైకిల్ తొక్కే అలవాటు ఉన్నవారిలో మోకాలి నొప్పి తరచుగా వచ్చే అవకాశం 17 శాతం తక్కువగా కనిపించింది. సైకిలే ఆ తగ్గుదలకు కారణమని ఇలాంటి అధ్యయనం రుజువు చేయలేదు, కానీ సైకిల్ మోకాళ్లను అరగదీస్తుందన్న వాదన దీని ముందు నిలబడదు.

సందేశం రాసినవారికి తట్టని, కానీ ఆడవాళ్లు నా చెవిలో అడిగే బాధ ఒకటుంది. సీటు ఒరుసుకుని మంట పుడుతుంది, కొందరికి ఆ భాగం కాసేపు మొద్దుబారుతుంది. ఇది నిజమే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వైద్యుల బృందం 2018లో ప్రచురించిన అంతర్జాతీయ అధ్యయనంలో, సైకిల్ తొక్కే స్త్రీలకు దాంపత్య జీవితంలో గానీ మూత్రం అదుపులో గానీ అదనపు ఇబ్బంది కనబడలేదు, అయితే మొద్దుబారడం, సీటు పుళ్లు, మూత్రనాళపు ఇన్ఫెక్షన్లు ఎక్కువగా కనిపించాయి. అందుకే మెత్త ఉన్న సైక్లింగ్ షార్ట్స్ లోపల వేసుకోమంటాను, ప్రతి పాటకూ ఒకసారి సీటు మీద నుంచి లేవమంటాను, క్లాసు అయిన వెంటనే చెమట బట్టలు మార్చుకోమంటాను. చెమట బట్టలతోనే ఆటో ఎక్కి ఇంటికెళ్లి, వంట ముగించాక స్నానానికి వెళ్లే అలవాటే చాలా ఇన్ఫెక్షన్లకు మూలం అని నా అనుమానం.

కిడ్నీల మాటను నేను కొట్టిపారేయను. మొదటి క్లాసులోనే శక్తికి మించి తొక్కితే తొడ కండరాలు చితికి, వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి చేరి కిడ్నీలను దెబ్బతీయడం అరుదుగానైనా జరుగుతుంది. 2017లో అమెరికన్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో, మొదటి స్పిన్నింగ్ క్లాసు (ఇలాంటి సైకిల్ క్లాసే) తరువాత ఇలా ఆసుపత్రిలో చేరినవారి కేసులు వచ్చాయి. ఇది స్త్రీలకు మాత్రమే వచ్చేది కాదు, జిమ్‌కు మొదటిరోజు వచ్చి పక్కవాడితో పోటీపడే యువకుడికి కూడా వస్తుంది. ఇందులో పెద్ద బాధ్యత శిక్షకులది. పాట హోరులో "ఇంకా, ఇంకా" అని అరిచే శిక్షకుడు కొత్తవారి ముఖం చూడడం లేదంటే అది ఆ శిక్షకుడి తప్పు. నా క్లాసులో మొదటి మూడు రోజులు కొత్తవారు సగం సమయమే తొక్కుతారు, పెడళ్ల బరువును పెంచే, తగ్గించే రెసిస్టెన్స్ నాబ్‌ను నేను చెప్పినదానికన్నా తక్కువలో పెట్టుకునే హక్కు వారిది. క్లాసైన ఒకటి రెండు రోజుల్లో తొడలు రాయిలా వాచి, మూత్రం కోలా రంగులో వస్తే, ఇంటి చిట్కాలు పక్కనబెట్టి అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకొక అసలైన ప్రమాదాన్ని సందేశం పూర్తిగా వదిలేసింది. ఈ సైకిళ్లలో చాలావాటికి ముందున్న బరువైన చక్రం పెడళ్లకు నేరుగా బిగించి ఉంటుంది, మనం ఆపినా పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి. ఆపాలంటే నాబ్‌ను కిందికి నొక్కాలి. చున్నీ వేలాడేసుకుని ఎక్కితే ఆ చక్రం లాగేస్తుంది. చుడీదార్‌తో రావడానికి అభ్యంతరం లేదు, చున్నీని మాత్రం బ్యాగులో పెట్టి రావాలి.

ఇంటిపని చాలన్న వాదనకు వద్దాం. ఇంటిపనిని నేను తక్కువ చేయను, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని శారీరక శ్రమలో కలిపే లెక్కవేస్తుంది. అదే సంస్థ 2020 సూచనల ప్రకారం పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మాదిరి శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ కావాలి. ఓ మాదిరి శ్రమ అంటే మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంతగా ఊపిరి ఎగబీల్చాలి. పొయ్యి దగ్గర మూడు గంటలు నిలబడితే కాళ్లు పీకుతాయి, గుండెకు ఆ పని తగలదు. ఇంటిపనిని కూడా కలుపుకునే వేసిన 2022 అంచనాలో, మన దేశంలో చాలినంత శ్రమ లేని పురుషులు 42 శాతమైతే స్త్రీలు 57 శాతం. రోజంతా అందరికోసం తిరిగే మనిషి తన గుండె కోసం ముప్పావుగంట అడిగితే, ఇల్లు దాన్ని ఇవ్వాలి.

గదిలో తొక్కేది సైకిలే కాదన్న చివరి మాట రాసినవారికి దీని చరిత్ర తెలియదు. ఈ క్లాసు రోడ్డు సైకిల్ నుంచే పుట్టింది. దక్షిణాఫ్రికా నుంచి వెళ్లిన జానీ గోల్డ్‌బర్గ్, అమెరికాను ఈ కొస నుంచి ఆ కొసకు దాటే పందెం కోసం ఇంట్లోనే సాధన చేయడానికి 1980లలో తయారుచేసుకున్న సైకిలే దీనికి మూలం. గది నుంచి రోడ్డుకు దారి ఉందనడానికి ఆస్ట్రేలియా అమ్మాయి నీవ్ బ్రాడ్‌బరీ ఉంది. ఇండోర్ సైకిల్ మీద నడిచే జ్విఫ్ట్ అకాడమీ పోటీలో 2020లో గెలిచి వృత్తి జట్టులో చోటు సంపాదించి, 2024లో ఇటలీలో రోజుకో దశగా సాగే 'జిరో ద ఇటాలియా' మహిళల పందెంలో బ్లాక్‌హౌస్ కొండ మీద ముగిసిన దశను గెలుచుకుంది. కదలని సైకిల్ బ్యాలెన్స్ నేర్పదన్నది నిజం. కానీ కాళ్లకు బలం, ఊపిరికి నిలకడ, 'నేనూ తొక్కగలను' అన్న నమ్మకం వస్తాయి, రోడ్డు మీద చూపులూ హారన్లూ భరించలేక ఆగిపోయిన ఆడవాళ్లకు ముందు కావలసినవి అవే. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో, షీలారాణి చుంకత్ కలెక్టరుగా ఉన్నప్పుడు, అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా వేలమంది పల్లె స్త్రీలు సైకిల్ నేర్చుకున్నదీ గుంపుగానే.

మా క్లాసువాళ్లం కొందరం ఇప్పుడు ఆదివారాలు తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ దారికి వెళుతున్నాం. 23 కిలోమీటర్ల ఆ దారిలో కార్లూ ఆటోలూ రావు. మాలో ఇద్దరికి అసలు సైకిలే రాదు. అద్దె సైకిళ్లకు పెడళ్లు విప్పించి, సీటు బాగా కిందికి దించి, రెండు పాదాలతో నేలను తోసుకుంటూ వెళ్లమన్నాను. చిన్నపిల్లలకూ పెద్దవారికీ పడకుండా నేర్పే పద్ధతి ఇదే. మొదటి వారం నాలుగడుగులకోసారి పాదం ఆనింది. మూడో వారం, వాళ్లలో యాభై ఆరేళ్ల ఆవిడ రెండు కాళ్లూ పైకెత్తి, సోలార్ పలకల నీడ పట్టీలను ఒకటొకటిగా దాటుకుంటూ, సుమారు పది గజాలు జారుకుంటూ వెళ్లారు. వచ్చే ఆదివారం పెడళ్లు బిగిస్తాం.