నెల్లూరుకు పంజాగుట్ట కావలెను

మొన్న వాన కురిసిన మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకు మాగుంట లేఅవుట్ నుంచి వీఆర్సీ సెంటరుకు ఆటోలో బయలుదేరాను. డ్రైవరు రేడియో పెట్టాడు. పాట సగంలో ఆగి ఒక అమ్మాయి గొంతు వినిపించింది. సొంత చెల్లెలు చెప్పినంత ఆప్యాయంగా, "పంజాగుట్ట ఫ్లైఓవర్ వైపు వెళ్లేవాళ్లు కాస్త జాగ్రత్త, వాహనాలు బారులు తీరి ఉన్నాయి, వేరే దారి చూసుకోండి" అంది.

హైదరాబాదులోని పంజాగుట్ట మా నెల్లూరుకు సుమారు నాలుగు వందల యాభై కిలోమీటర్లు. అయినా ఆ గొంతులోని ఆదుర్దాకు డ్రైవరు కంగారుపడి వెనక్కి తిరిగాడు. "మనం అటు వెళ్లడం లేదు కదా సార్?" అన్నాడు. లేదని హామీ ఇచ్చాను. ఆ నిశ్చింతతోనే ఇద్దరం తిన్నగా వెళ్లి రైల్వే అండర్‌బ్రిడ్జి కింద మోకాటి లోతు నీళ్లలో ఆగిపోయాం. ఆ నీళ్ల సంగతి రేడియోకు తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదని నా దృఢమైన అభిప్రాయం.

ఊళ్లో కొందరు తొందరపాటు మనుషులు ఉన్నారు. ఎక్కువమంది పింఛనుదారులు. "మన ఎఫ్‌ఎంలో మన ఊరి మాట ఒక్కటీ వినిపించడం లేదు" అని సాయంత్రాలు పార్కులో కూర్చుని వాపోతుంటారు. వీరి బాధను గౌరవిస్తూనే వీరి వాదనను ఖండిస్తున్నాను. తప్పు రేడియోది కాదు, ఊరిది. రేడియో తన వంతుగా ఒక నగరాన్ని రోజూ ఇరవై నాలుగు గంటలూ వర్ణిస్తూనే ఉంది. ఆ వర్ణనకు తగ్గట్టు ఉండటం చేతకానిది నెల్లూరుకు.

అందువల్ల నగరపాలక సంస్థ వెంటనే గాంధీబొమ్మ సెంటరులో ఒక పంజాగుట్టను నిర్మించాలి. నిధులు లేకపోతే ఆత్మకూరు బస్టాండు కూడలికి ఆ పేరుతో బోర్డయినా పెట్టించాలి. వాహనాల బారు అక్కడ ఎలాగూ సిద్ధంగా ఉంది, పేరు ఒక్కటే తక్కువ. పేర్లు మార్చుకోవడం మనకు కొత్తా? 1970లో పుట్టిన ఒంగోలు జిల్లా రెండేళ్లకే ప్రకాశం జిల్లా అయింది. మా జిల్లా 2008లో పొట్టి శ్రీరాములు గారి పేరు పెట్టుకుంది. మహానుభావుల కోసం చేసిన పని ట్రాఫిక్ కోసం చేయలేమా?

వాతావరణం విషయంలోనూ పౌరులు సహకరించాలి. కిందటి మే నెలలో, రోళ్లు పగిలే ఎండలో, కరెంటు పోయి విసనకర్రతో విసురుకుంటున్న మా ఇంటి మీదికి రేడియో ఒక చల్లని కబురు పంపింది. బయట చినుకులు పడుతున్నాయట, ఈ హాయైన సాయంత్రం వేడి వేడి మిరపకాయ బజ్జీలు తింటూ ఒక పాట వినాలట. మా ఆవిడ కిటికీ తీసి చూసింది. వేడిగాలి కొట్టి మళ్లీ మూసేసింది. ఇదే మనలోని లోపం. నమ్మకం ఉన్న శ్రోత కిటికీ తీయడు, శాలువా కప్పుకుంటాడు.

ఇక చట్టం సంగతి. పార్కు పెద్దలకు తెలియని విషయాలు ఇక్కడ కొన్ని ఉన్నాయి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ప్రజల ఆస్తి అంటే మనదే కదా అని కొందరు అమాయకులు అనుకున్నారు. ప్రజల ఆస్తి కనుకనే ప్రభుత్వం దాన్ని వేలం వేయగలిగింది. ఎవరికీ చెందని దాన్ని ఎవరైనా ఎలా వేలం వేస్తారు? ప్రైవేటు ఎఫ్‌ఎంకు సొంత వార్తలు చెప్పే అధికారం లేదు. ప్రైవేటు ఎఫ్‌ఎంల కోసం కేంద్రం తెచ్చిన 2011 నాటి మూడో దశ విధానం ఆకాశవాణి వార్తలను మాత్రం ఒక్క అక్షరం మార్చకుండా తిరిగి వినిపించుకోవచ్చంది. "చూశారా, పాపం, చేతులు కట్టేశారు, ఇక ఊరి సంగతులు ఎలా చెబుతారు?" అని నేను చాలాకాలం స్టేషన్ల తరఫున వాదించాను.

తీరా ఆ విధానపత్రం చదివితే నా వాదనకే ముప్పు వచ్చింది. ఏవి వార్తలు కావో అందులో ఒక జాబితా ఉంది. ట్రాఫిక్, వాతావరణం వార్తలు కావు. ఉత్సవాలు, సాంస్కృతిక కార్యక్రమాలు వార్తలు కావు. పరీక్షలు, ఫలితాలు, ప్రవేశాలు, ఉద్యోగావకాశాలు కావు. స్థానిక యంత్రాంగం ఇచ్చే కరెంటు, మంచినీటి సమాచారం, ప్రకృతి విపత్తుల హెచ్చరికలు, ఆరోగ్య హెచ్చరికలు కూడా కావు. ఊళ్లో జరిగే ఆటల పోటీలకు ప్రత్యక్ష వ్యాఖ్యానం సైతం చెప్పుకోవచ్చు. అంటే సోమశిల గేట్లు ఎత్తారని, సంతపేటకు రేపు కుళాయి నీళ్లు రావని చెప్పడానికి చట్టం అడ్డు రాదు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చేతులు కట్టేయని మనిషి చేతులు కట్టుకుని కూర్చున్నాడంటే అందులో ఏదో గొప్ప వైరాగ్యం ఉండాలి. దానికి భంగం కలగకూడదని ఆ కాగితాన్ని మడిచి బీరువాలో పెట్టేశాను.

అదే విధానంలో ఇంకో వరం ఉంది. ఒక స్టేషను కార్యక్రమాన్ని మరో స్టేషనులో వినిపించుకునే వెసులుబాటు అంతకుముందు జనాభా తక్కువున్న సీ, డీ తరగతి ఊళ్లకే, అదీ ప్రాంతం లోపలే ఉండేది. ఇప్పుడు ఏ కంపెనీ అయినా తన స్టేషన్లన్నిటినీ దేశమంతటా ఒకే దారానికి గుచ్చుకోవచ్చు. (మూడు లక్షల నుంచి పది లక్షల జనాభా ఉన్న ఊరు సీ తరగతి. కార్పొరేట్ చదువులకు పుట్టినిల్లయిన ఊరికి సీ గ్రేడు రావడం పిల్లల ముందు చెప్పుకోదగ్గ సంగతి కాదు.) ఒక గొంతు, పది ఊళ్లు. గొంతు ఏ మహానగరంలోనో ఏసీ గదిలో కూర్చుని "శుభోదయం" అని ఒకసారి, తర్వాత పది ఊళ్ల పేర్లు పదిసార్లు చెప్పి భోజనానికి వెళ్లిపోతుంది. అతికించే పని కంప్యూటరు చూసుకుంటుంది. శ్రద్ధగా వింటే "శుభోదయం"కూ "నెల్లూరు"కూ మధ్య సన్నని కుట్టు వినిపిస్తుంది. అది కూడా స్థానిక కార్యక్రమమే. రోజుకు ఒక సెకను.

ఆ సెకనులోనూ ప్రమాదాలు లేకపోలేదు. ఒకసారి ఏదో పోటీలో గెలిచిన శ్రోత చిరునామా చదవాల్సి వచ్చింది. ఆయనది బుజబుజ నెల్లూరు. ఆర్జే, అంటే రేడియో వ్యాఖ్యాత, మొదట ఆగిపోయాడు, తర్వాత నవ్వాడు, ఆ తర్వాత నవ్వు ఆపుకోలేక పాట వేసేశాడు. మా ఊళ్లో నిజంగా ఒక పేటకు ఆ పేరుందని, అక్కడ మనుషులు కాపురాలు చేస్తున్నారని, ఆ పేరు చెబితే ఆటోవాడు నవ్వకుండా తీసుకెళ్తాడని అతనికి ఎవరు చెబుతారు? స్టోన్‌హౌస్‌పేట మాత్రం చక్కగా పలికాడు, ఇంగ్లీషు పేరు కదా. ఫత్తేఖాన్‌పేట, వేదాయపాళెం వాసులు పోటీల్లో గెలవకుండా ఉంటే అందరికీ మంచిది.

ప్రకటనల విభాగంలో పనిచేసి మానేసిన మిత్రుడొకరు అసలు లెక్క చెప్పాడు. ట్రంకు రోడ్డులోని చీరల కొట్టు యజమాని దసరాకు, సంక్రాంతికి కాస్త ఇస్తాడు. ఆ డబ్బుతో ఊళ్లో ఆర్జేను, రచయితను, ఊరంతా తిరిగి సంగతులు తెచ్చే మనిషిని పోషించలేరు. పెద్ద కంపెనీ ప్రకటన అయితే రాష్ట్రానికంతటికీ మూటగా వస్తుంది, దానికి ఏ ఊరి గొంతయినా ఒకటే. "లైసెన్సు రుసుము, టవరు అద్దె, కరెంటు, పాటల హక్కులు తగ్గించలేం అన్నా. తగ్గించగలిగింది మనిషినే" అన్నాడు. ఎంత చక్కని పొదుపు! పెళ్లిలో ఖర్చు ఎక్కువైందని పెళ్లికొడుకును మానుకున్నట్టు.

వినేవాళ్లు ఉంటేనే కదా ఖర్చు పెట్టేది అని స్టేషను అంటుంది, చెబితేనే కదా వినేది అని శ్రోత ఫోనులో పాటలు పెట్టుకుంటాడు. ఫోనుకూ వెయ్యి పాటలు తెలుసు. రేడియోకు తెలియగలిగి ఫోనుకు తెలియనిది అండర్‌బ్రిడ్జి కింద నీళ్లే. ఆ ఒక్కటీ చెప్పకూడదని రేడియో పట్టు పట్టింది.

మా చిన్నప్పుడు విజయవాడ కేంద్రం వినేవాళ్లం. 1948 డిసెంబరు 1న మొదలైన ఆ కేంద్రం మీడియం వేవ్‌లో, 837 కిలోహెర్ట్‌జ్ మీద, రెండు వందల కిలోమీటర్లకు పైగా దాటుకుని గరగర శబ్దంతో వచ్చేది. నాన్నగారు ట్రాన్సిస్టరును అటూ ఇటూ తిప్పి దాని ముఖం ఉత్తరానికి పెట్టేవారు. వచ్చి ఏం చెప్పేది? వరికి ఏ తెగులుకు ఏ మందు కొట్టాలో చెప్పేది. కృష్ణపట్నం ఓడరేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారని, జాలర్లు వేటకు వెళ్లవద్దని చెప్పేది. అంత దూరం నుంచి వచ్చి మన గడపలో సంగతి చెప్పడం పద్ధతి కాదని ఇప్పుడు అర్థమవుతోంది. ఎఫ్‌ఎం తరంగం పుట్టుకతోనే స్థానికం. తిన్నగా పోతుంది, కొన్ని పదుల కిలోమీటర్లు దాటితే అలిసిపోతుంది. కోవూరు దాటి బుచ్చిరెడ్డిపాళెం పోయేసరికే మా ఆటోలో గొంతు తడబడుతుంది. టవరు మనది, కరెంటు మనది, టవరు కింద కాపలా కూర్చున్న తాత మనవాడు. ఇన్ని స్థానికతల మధ్య మాట కూడా స్థానికమైతే దిష్టి తగలదా?

2021 నవంబరులో పెన్న పొంగింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది, రెండు వైపులా లారీలు నిలిచిపోయాయి. కరెంటు లేదు. ఫోను ఆరిపోయింది. బ్యాటరీ రేడియో ఒకటి అటక మీది నుంచి దించాను. ఆ రాత్రి రేడియోలో ఒక కుర్రాడు తనను ప్రియురాలు ఎందుకు వదిలేసిందో చెప్పుకుంటున్నాడు. ఓదార్పు బాగానే ఉంది. మా పక్కింటి పెద్దావిడ గోడ మీది నుంచి, "నీళ్లు ఎందాక వచ్చాయంట నాయనా, ఏమైనా చెబుతున్నారా?" అని అడిగింది. "లేదమ్మా, ఇంకా కారణం తేలలేదు" అన్నాను.

ఆ రాత్రి వీధిలోకి వచ్చి సంగతి చెప్పింది ఆటోకు కట్టిన మైకు. ఏ వీధి ఖాళీ చేయాలో, ఏ బడిలో అన్నం పెడుతున్నారో చెప్పి పోయింది. దానికి లైసెన్సు లేదు, ఫ్రీక్వెన్సీ లేదు, జింగిల్ లేదు. వ్యాఖ్యాతకు జలుబు కూడా చేసింది.

ఒంగోలువారికి ఒక మాట. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ఎఫ్‌ఎం ఛానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో ఒంగోలు ఉంది, పక్కనే చీరాల ఉంది. మాతృభాషలో స్థానిక కార్యక్రమాలు పెరగాలన్నదే ఉద్దేశమని ప్రకటనలో రాశారు. ఇది చదివి మీరు ఉప్పొంగవద్దు. ఎడ్ల బండలాగుడు పోటీలకు రేడియోలో ప్రత్యక్ష వ్యాఖ్యానం వస్తుందని ఆశపడవద్దు. నియమం ఒప్పుకుంటుంది నిజమే, కానీ గిత్తల పేర్లు, వాటి నోట్లో పళ్ల లెక్క, బండ ఎన్ని అడుగులు కదిలిందో ఊపిరి తిప్పుకోకుండా చెప్పేవాడు ఏసీ గదిలో దొరకడు, వాడు పందెం బరిలోనే ఉంటాడు. పొగాకు వేలం ధర చెప్పమని అడిగి మర్యాద పోగొట్టుకోవద్దు. ముందుగా మీ దగ్గర ఒక పంజాగుట్ట ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఇప్పటినుంచే స్థలసేకరణ మొదలుపెట్టండి.

ఇంత సమర్థించిన నాకూ ఒక బలహీన క్షణం వచ్చింది, దాచను. మొహర్రంలో మా బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరుగుతుంది. స్వర్ణాల చెరువులో దిగి కోరిక కోరుకునేవారు రొట్టె తీసుకుంటారు. కోరిక తీరినవారు మళ్లీ ఏడాది వచ్చి అదే కోరిక ఉన్నవారికి రొట్టె ఇస్తారు. ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె, వివాహ రొట్టె, సొంతింటి రొట్టె, ఎవరికి కావలసింది వారు అరిచి అడుగుతారు. నేనూ ప్యాంటు మడుచుకుని దిగి, చుట్టూ ఎవరూ తెలిసినవాళ్లు లేరని చూసుకుని, "రేడియో రొట్టె, రేడియో రొట్టె" అని అడిగాను. గంటసేపు నిలబడ్డాను. ఇచ్చేవారు ఉండాలంటే ఎవరికో ఒకరికి ఆ కోరిక ముందు తీరి ఉండాలి కదా. కర్ణాటక నుంచి వచ్చిన ఒక పెద్దాయన జాలిపడి, తన దగ్గర విదేశీ ప్రయాణం రొట్టె ఒకటి మిగిలిందని, తీసుకోమని బలవంతపెట్టాడు.

గట్టు మీద స్తంభానికి కట్టిన మైకులోంచి ఎవరో ఆపకుండా చెబుతున్నారు. పొదలకూరు నుంచి వచ్చిన ఎర్ర చొక్కా బాబు కంట్రోల్ రూము దగ్గర ఏడుస్తున్నాడు, వాళ్ల అమ్మ ఎక్కడున్నా రావాలి. కావలి బస్సులు ఇటువైపు, ఆత్మకూరు బస్సులు అటువైపు. చెరువులో ఎడమవైపు లోతు ఉంది, పిల్లలను పట్టుకోండి. నా చుట్టూ ఉన్న జనమంతా ఒక్కసారిగా పిల్లల చేతులు పట్టుకున్నారు. నేను కూడా రెండు అడుగులు కుడివైపు జరిగాను.