మొక్కల సంగతి సరే, వాన నీళ్లు ఎటు పోవాలి?
ఓపెన్‌కాస్ట్ గనుల్లో (నేలను పైనుంచే తవ్వే గనులు) తవ్వి పోసిన మట్టి గుట్టలు పచ్చబడ్డాయని మీ వ్యాసమంతా మొక్కల గురించే రాశారు. మంచిదే. కానీ ఆ గుట్ట మీద పడ్డ వాన ఎటు పోతుందో ఒక్క ముక్క లేదు.

మా ఊరు అలాంటి గుట్ట కిందే ఉంది. దూరం నుంచి చూస్తే మెట్లు మెట్లుగా, పచ్చగా బాగానే ఉంటుంది. దగ్గరికి వెళ్తే మొక్కల మధ్య మనిషి దిగితే తల కనిపించనంత గండ్లు. ఏటా వానాకాలం ఆ బూడిదరంగు మట్టి కొట్టుకొచ్చి మా చెరువు తూము దగ్గర పేరుకుంటుంది. పోయినేడు మా నాన్న చెయ్యి పెడితే మోచేతి దాకా ఒండ్రే. గుట్ట పోసిన చోట ఇదివరకు ఒక ఒర్రె ఉండేది. చెరువుకు నీళ్లు దాని గుండానే వచ్చేవి.

అమెరికాలో 1977లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం తవ్విన నేలను దాదాపు పాత వాలుకే తేవాలి. (కొండ శిఖరాలు కోసే గనులకు మినహాయింపు ఇచ్చి అక్కడి అప్పలేచియా కొండల్లో వాగులు పూడ్చారు, అది వేరే కథ.) మన దగ్గరా 2009 నుంచి బొగ్గు గనులకు గని మూసివేత ప్లాన్, దానికి ఎస్క్రో ఖాతాలో (ఆ పనికే విడిగా కట్టిపెట్టే ఖాతా) డబ్బు ఉండాలన్నారు.

పగలగొట్టిన రాయి ఉబ్బి ఎక్కువ చోటు తీసుకుంటుంది, పాత రూపం అచ్చంగా రాదని నాకూ తెలుసు. కనీసం మెట్లను లోపలి వైపుకు వాల్చి, నీళ్లను రాతి కాలువల్లో దించి, కింద గుంటలో ఒండ్రు తేరాక వదలొచ్చు కదా? తవ్వకం మొదట్లో పక్కకు తీసిన పైమట్టి ఇప్పుడు ఎక్కడుందో కూడా అడిగి రాయండి.