తాళాల గుత్తి ఎవరి చేతికి?

బెజవాడ, గుంటూరు ఉద్యోగులకు 2016 గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్‌లో ఫైళ్లు మూటలు కట్టి వెలగపూడికి తెచ్చుకున్న ఏడాది. ఏ బీరువా ఎవరిది, ఏ గది ఎవరికి అప్పజెప్పాలి అన్న లెక్క తెమలడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. అవి కాగితాలు. పరాయి దేశంలోని సైనిక స్థావరాన్ని ఖాళీ చేసి అప్పగించడమంటే మందుగుండుతో వ్యవహారం.

అలా ఖాళీ చేసే ప్రణాళికను అప్పగింత తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రాయాలి. ముందు సైనికుల కుటుంబాలు, బడులు. ఆపైన శిక్షణ దళాలు, బరువైన సామగ్రి. మందుగుండును ముందే రెండుగా వేరుచేయాలి. ఓడెక్కించదగింది ఒకటి, పాతబడి కదిలిస్తే పేలే ప్రమాదమున్నందున అక్కడే ధ్వంసం చేయాల్సింది ఇంకొకటి. తుపాకుల నంబర్లను రిజిస్టర్‌లో, చేతిలో ఉన్న ఆయుధం మీద, ఓడ జాబితాలో మూడుచోట్లా సరిచూడాలి. కాపలా వలయం రోజురోజుకూ రేవు వైపు దగ్గరపడుతూ రావాలి. 1990 మార్చి 24న శ్రీలంక నుంచి మన శాంతి పరిరక్షక దళం చివరి బృందం బయల్దేరింది ట్రింకోమలీ రేవు నుంచే.

సిగ్నల్స్ (సమాచార విభాగం), ఆసుపత్రి, ఫైరింజన్, డీజిల్ ట్యాంకర్ చివరిదాకా ఉండాలి. ప్రణాళికలు ఎక్కువగా బెడిసికొట్టేది ఇక్కడే. ‘పోరాడేవాళ్లు కారు కదా’ అని జనరేటర్ మెకానిక్‌ను మొదటి ఓడలోనే పంపేస్తారు. కరెంటు పోతే నీళ్ల మోటారూ ఆగుతుంది, గేటు దగ్గర దీపమూ ఆరిపోతుంది.

ఇంతకన్నా పెద్ద ప్రశ్న, తీసుకునేవాడు వచ్చాడా లేదా అన్నది. హాంకాంగ్‌ను బ్రిటన్ చైనాకు అప్పగించే ఒప్పందం 1984లో కుదిరింది, పదమూడేళ్ల వ్యవధి దొరికింది. 1997 జూన్ 30 రాత్రి బ్రిటిష్ జెండా దిగడానికి మూడు గంటల ముందే 509 మంది చైనా సైనికులు సరిహద్దు దాటి వచ్చారు. ఆ మూడు గంటలు ఇద్దరూ ఒకేచోట ఉండటమే నా దృష్టిలో మొత్తం ఏర్పాటులో అతి విలువైన భాగం. 2021 జులైలో ఆఫ్ఘనిస్థాన్‌లోని అమెరికా వైమానిక స్థావరం బగ్రామ్‌లో అది లోపించింది. అమెరికన్లు వెళ్లిపోయిన సంగతి తమకు రెండు గంటల తర్వాత గానీ తెలియలేదని, ఈలోగా దోపిడీదారులు చొరబడ్డారని ఆఫ్ఘన్ అధికారులు చెప్పారు. వేల వాహనాలు మిగిలాయి, చాలావాటికి తాళంచెవులు లేవు.

అలాగని గడువు ఒక్కటే ఉంటే చాలదు. పనామాలో కాలువను, స్థావరాలను అమెరికా అప్పగించేందుకు కుదిరిన 1977 ఒప్పందం నుంచి 1999 డిసెంబర్ 31 వరకు ఇరవై రెండేళ్లు దొరికినా, ఫైరింగ్ రేంజ్‌ల మట్టిలో పేలని గుండ్లు మిగిలిపోయాయి. భవనాల జాబితా రాసుకున్నంత శ్రద్ధగా నేల జాబితా ఎవరూ రాసుకోరు.

చిన్న పని అనిపించే తాళాల సంగతే చూడండి. ప్రతి తాళంచెవికీ ఒక ఇత్తడి బిళ్ల, దాని మీద భవనం నంబరు, గది నంబరు ఉండాలి. మారు తాళంచెవి వేరే పెట్టెలో పెట్టాలి. తీసుకునేవాడు ఒక్కొక్కటీ తిప్పి చూశాకే సంతకం చేయాలి. వెయ్యి తాళాలకు రెండేసి నిమిషాలు వేసుకున్నా ముప్పై మూడు గంటలు దాటుతుంది. ఆఖరి రాత్రి అది జరిగే పని కాదు. కనీసం రెండు వారాల ముందే ఇరువైపుల నుంచీ చెరో ఇద్దర్ని ఈ ఒక్క పని మీదే కూర్చోబెట్టాలి.