సవరణ: బ్రిటన్‌లో ఎస్టేట్ ఏజెంటుకు లైసెన్సు అక్కర్లేదు

బ్రిటన్‌లో ఎస్టేట్ ఏజెంటుగా, అంటే ఇళ్లు అమ్మిపెట్టే మధ్యవర్తిగా పనిచేయాలంటే లెవెల్ 3 (దాదాపు మన ఇంటర్ స్థాయి) సర్టిఫికెట్, లైసెన్సు ఉండి తీరాలని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. అక్కడి పార్లమెంటు ఎగువసభ సభ్యుడు లార్డ్ బెస్ట్ అధ్యక్షతన ప్రభుత్వం వేసిన బృందం 2019లో అలా చేయమని సిఫారసు చేసింది. నేను దాన్నే చట్టమనుకున్నాను.

చట్టం పాఠం, ప్రభుత్వ మార్గదర్శకాలు చూస్తే సంగతి ఇదీ. ఇళ్లు అమ్మిపెట్టే పనికి అక్కడ చదువు షరతు లేదు. 1979 నాటి ఎస్టేట్ ఏజెంట్ల చట్టం 22వ సెక్షన్లో కనీస అర్హతలు పెట్టే వీలుంది కానీ, విచిత్రంగా ఆ సెక్షన్ను ఇంతవరకూ అమల్లోకి తేలేదు. మోసం లాంటి నేరాల్లో శిక్ష పడినవాళ్లను మాత్రం ఈ పని చేయకుండా నిషేధించవచ్చు. అంటే చదువు లేదని లోపలికి వచ్చేటప్పుడు ఎవరూ ఆపరు, తప్పు చేశాక బయటికి పంపుతారు.

వ్యాపారం పెట్టేవాళ్లకు రెండు తప్పవు. మనీలాండరింగ్ నిబంధనల కింద పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ దగ్గర నమోదు కావాలి, ఫిర్యాదులు పరిష్కరించే గుర్తింపు పొందిన పథకంలో చేరాలి. ఈ రెండూ సంస్థ బాధ్యతలు. అక్కడ ఉద్యోగంలో చేరే మనిషి వీటికోసం విడిగా దరఖాస్తు పెట్టుకోనక్కర్లేదు.

అద్దెకిప్పించే ఏజెంట్ల లెక్క వేరు. వేల్స్‌లో రెంట్ స్మార్ట్ వేల్స్ అనే అధికారిక సంస్థ ఇచ్చే లైసెన్సు, దానికి శిక్షణ ఉండాలి. స్కాట్లండ్‌లో 2018 నుంచి ప్రభుత్వ రిజిస్టరులో పేరుండాలి. నా పోస్టు చూసి కోర్సుకు ఫీజు కట్టబోతున్నవాళ్లు, అమ్మకాలా అద్దెలా అన్నది ముందు తేల్చుకోండి.