అమ్మ కూర్చున్న గరాజు

మొన్న ఇక్కడ టెక్సాస్‌లో మన తెలుగు సంఘం పెట్టిన ఉగాది సభలో పెద్దలకు సన్మానం చేస్తూ మైకులో మా అమ్మ పేరు రెండుసార్లు పిలిచారు. అమ్మ రాలేదు. మేమంతా పొద్దున్నే వాలంటీర్లుగా వెళ్లిపోయాం. ఆవిడను తీసుకొస్తామన్న కారు రాలేదు, నా ఫోను సైలెంట్‌లో ఉంది. హాలు ఫ్రిస్కోలోని మా ఇంటికి 22 మైళ్లు.

రాత్రి ఇల్లు చేరేసరికి గరాజు తలుపు ఎత్తి ఉంది. పట్టుచీర కట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో అమ్మ. ఒళ్లో స్టీలు డబ్బా; తెనాలి నుంచి తెచ్చిన ఎండు వేపపువ్వు వేసి చేసిన పచ్చడి. "ఇటుగా ఎవరైనా వస్తే పిలిచి పెడదామని కూర్చున్నానే" అంది. సాయంత్రమంతా ఒక్క మనిషీ నడిచి వెళ్లలేదట. వచ్చిన కారల్లా గరాజులోకి దూరడం, వెనకే తలుపు దిగడం. వారం తిరక్కుండా హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నోటీసు: గరాజు తలుపు అంతసేపు తెరిచి ఉంచకూడదు.

తెనాలిలో మా అరుగుకీ వీధికీ మధ్య మూరెడు దూరం. దారినపోయే వాళ్లు ఆగకుండా ఉండేవారు కాదు. అరుగు ఎక్కనివ్వక కింద నిలబెట్టిన మనుషులనూ చూశాను. ఆ పాపం వదిలించుకుని అరుగు మాత్రం కావాలంటాను.

1990లో డాలస్ పక్కనున్న మన ఫ్రిస్కో జనాభా 6 వేల పైచిలుకు; 2020కి 2 లక్షలు దాటింది. పెరిగిందంతా కారు కొలతతోనే: ఇళ్లు ఒకచోట, కొట్లు ఇంకోచోట, మధ్య ఆరు వరుసల రోడ్డు. టెక్సాస్‌లో అమ్మకాల మీద వేసే స్థానిక పన్ను 2 శాతం మించకూడదు. డాలస్ ప్రాంత రవాణా సంస్థ డార్ట్‌లో చేరిన ఊళ్లు ఆ రెండులో సగం, అంటే 1 శాతం, బస్సులకూ రైళ్లకూ ఇచ్చాయి. మన ఊరు చేరకుండా ఆ శాతాన్ని అభివృద్ధి సంస్థలకు పెట్టుకుంది. స్టేడియాలు వచ్చాయి, ఆఫీసులొచ్చాయి, వాటివల్ల మనమూ బాగుపడ్డాం. డ్రైవింగ్ రాని అమ్మానాన్నలకు మాత్రం గడప దాటే దారి లేదు.

అందరూ ఒకచోట కలవాలంటే పెద్ద హాలే కావాలని సంఘం కార్యవర్గం అంటుంది. నిజమే, పార్కింగూ భోజనాలూ వేరేచోట కుదరవు. సాయంత్రం సభ అక్కడే పెట్టుకుందాం. పొద్దుటి పచ్చడి, పంచాంగ శ్రవణం మాత్రం ఎవరి పేటలోని పార్కులో వాళ్లం, నడిచి వెళ్లి చేసుకుందాం, దయచేసి. సిటీ కౌన్సిల్లో ఊరివాళ్లు మాట్లాడటానికి కొన్ని నిమిషాలిస్తారు. పదిమందిమి వెళ్లి సైడ్‌వాక్‌ల పక్కన బెంచీలు, నీడనిచ్చే చెట్లు అడుగుదాం.

మా వీధి చివరి పార్కుకి వేపపువ్వు నేను తెస్తాను. అమ్మ ఇంకో పొట్లం ఇస్తానంది.